ఖాళీ గడికి సున్నా

ఫిబ్రవరి 3, సోమవారం

కంప్యూటర్లో నేను రాసిన శుభలేఖల ప్రోగ్రామ్ నడుస్తోంది. ఏ గడిలో ఎన్ని వరసలు పడ్డాయో లెక్కపెట్టి, కార్డులో పట్టేలా అక్షరాల సైజు అదే తగ్గిస్తుంది. ఇన్నాళ్ళూ ప్రెస్సులో బాబాయి స్కేలు పెట్టి చేసిన పని. ఇవాళ ఎనిమిది కార్డులు. ఆయన కళ్ళజోడు పైనుంచి చూసి — "ముహూర్తాలయ్యేదాకా సూద్దాం. తేడా వచ్చిందో, మళ్ళీ స్కేలే."

స్కేలైతే నాతో పనేముంది? అచ్యుతాపురం కంపెనీ బస్సెక్కాలి. అక్కడి ఉద్యోగానికి అమ్మ ఫారం కూడా తెచ్చిపెట్టింది. నాకు వెళ్ళాలని లేదు.

ఫిబ్రవరి 5

ఒక్కటీ తప్పలేదు. బాబాయి స్కేలు బయటికి తియ్యలేదు — అంటే బాగున్నట్టే.

ఫిబ్రవరి 6, గురువారం

ప్రోగ్రామ్ పడిపోయింది. అదీ మనిషి ఎదురుగా.

బట్టల కొట్టు సలీమాగారు కూతురి నిఖా కార్డుకి వచ్చారు. "పైన బిస్మిల్లా మా మావగారు చేత్తో రాసేరమ్మా. అదే అచ్చెయ్యాల. ఆ గడి వొదిలీ." వదిలేశాను. నొక్కాను. తెర నిండా ఎర్ర అక్షరాలు, ప్రోగ్రామ్ మూసుకుపోయింది.

"ఇదేటే, ఖాళీ గడికే పడిపోద్దా?" — బాబాయి స్కేలు తీశాడు. సిగ్గుతో చచ్చాను. ఆవిడే నయం... "తొందరేం లేదమ్మా, శనివారం వత్తాను."

ఫిబ్రవరి 7

పొద్దున్నుంచీ ఒకటే తవ్వకం. దొరికింది. ప్రోగ్రామ్ కోసం నెట్‌లోంచి తెచ్చుకున్న టూల్‌కిట్‌లో, లెక్క చెప్పే మెథడ్‌కి మాట మీద నిలకడ లేదు. వరసలెన్ని, అక్షరాలెన్ని అని రెండూ అడిగితే ఖాళీ గడికి కూడా బుద్ధిగా సున్నా, సున్నా అంటుంది. వరసలు ఒక్కటే అడిగితే సున్నా అనదు. అసలు అంకే ఇవ్వదు, ఏమీ లేదన్న గుర్తొకటి చేతిలో పెడుతుంది. నేను దాన్ని అంకె అనుకుని లెక్కలోకి తీసుకున్నాను.

నా తప్పూ ఉంది. అన్నీ మన కార్డులతోనే పరీక్షించాను. పైన శ్రీరస్తు లేని కార్డు ఒకటుంటుందని నా బుర్రకే తట్టలేదు. ఊళ్ళో పెళ్ళిళ్ళన్నీ మా ఇంటి పెళ్ళిళ్ళే అనుకున్నాను, మొద్దుని.

ఇక ఎప్పుడూ రెండూ కలిపే అడుగుతాను. మూడు లైన్లు మార్చాను, అంతే. టూల్‌కిట్ వాళ్ళకీ రాశాను, వచ్చీ రాని ఇంగ్లీషులో.

ఫిబ్రవరి 8, శనివారం

జవాబొచ్చింది. నిజమేనట, కొత్త వెర్షన్‌లో సరిచేశారట. నాది పాతది. నవ్వొచ్చింది... నేను చూసింది ఉన్న తప్పే, అది చాలు.

సలీమాగారి కార్డు కుదిరింది. మావగారి రాత పైన, కింద ప్రతి వరసా సరిగ్గా. ఆవిడ వేలితో తడిమి — "సూత్తే మురిసిపోతారు."

బాబాయి మాత్రం సరే అనలేదు. ఆవిడ వెళ్ళాక నా కుర్చీ దగ్గరికొచ్చాడు. మౌస్ ముట్టని మనిషి. "లెగు. నేనే సూత్తాను."

తొమ్మిది గళ్ళు. ఒక్కొక్కటీ ఖాళీ చేసి నొక్కుతున్నాడు. దేవుడి పేరు తీశాడు — పడలేదు. పెళ్ళికొడుకుని తీశాడు — పడలేదు. "ముహూర్తమే లేకపోతేనో?" పడలేదు. పక్కన స్టూలు మీద కూర్చుని ఇది రాస్తున్నాను. ఆయన మొహంలో కోపం లేదు, సరదా ఉంది. స్కేలు ఎక్కడ పెట్టాడో కూడా చూసుకోవడం లేదు.

ఏడు అయ్యాయి. ఇంకా రెండు గళ్ళున్నాయి.