ఐదు బారల మోకు

ఎమ్మిగనూరు,
20-8-1955.

అమ్మకు పెద్దకొడుకు పౌలు చేతులు జోడించి చెప్పుకునే వందనాలు. దేవుని దయవల్ల ఇక్కడ అందరమూ ప్రాణాలతో ఉన్నాం. బళ్లారిలో మీరంతా బాగున్నారని తలుస్తాను. చెల్లీ మేరీ, అమ్మను కూర్చోబెట్టి చదువు. మధ్యలో ఆపవద్దు.

నల్లమేక ఈనిందా అని అడిగావు. ఈనింది, రెండూ ఆడపిల్లలే. మోకాళ్లకు ఆముదం రాస్తున్నావా? రాయవు, నాకు తెలుసు. ఇక చిన్నోడి సర్కారు నౌకరి ఎట్లుందని మూడుసార్లు రాయించావు. అది చెప్పలేకనే ఎనిమిది రోజులుగా ఈ కాగితం ముందు కూర్చుని లేస్తున్నాను.

మన చిన్నోడు ఏసేపు ఎవరి దగ్గర పనిచేస్తాడో ఆ ఇంజనీరు నందవరం అవతల తుంగభద్రలో నీటి వేగం కొలుస్తున్నాడు గదా. యుద్ధంలో మిగిలిన రబ్బరు పడవ ఒకటి తెప్పించాడు. గాలి కొడితే ఉబ్బుతుంది, మోస్తే ఇద్దరికి బరువు కాదు. నడిఏట్లో అది కదలకుండా లంగరు వేయాలి. దానికి మోకు నన్నే పేనమన్నారు. కిత్తనార గరుకు, రబ్బరును రాసి రాసి తినేస్తుంది. అందుకని ఆదోని నూలు తెచ్చి మూడు పేటలు వేసి పేనాను. అంత మంచి మోకు నా చేతిమీద ఇంతవరకు రాలేదమ్మా.

చీటీలో ఇరవై బారలు కావాలని రాశారు. ఏసేపును అడిగితే నీళ్లు మూడు బారల లోతన్నాడు. నాకు నవ్వొచ్చింది. కపిల బావికి మోకు మిగిలితే ఎద్దు కాళ్లకు చుట్టుకుంటుంది, మిగులు తాడు పనివాడికి సిగ్గు అని నాయన కొట్టి మరీ నేర్పాడు. ఐదు బారలకు కోసేసి ఇచ్చాను.

వెనుకటి శుక్రవారం నేనే ఒడ్డుకు పోయి లంగరుకు ముడి వేశాను. పుట్టి నడిపే సుంకప్ప చూసి, "పౌలన్నా, బాయి తాడు నిలబడాల, ఏటి తాడు వాలుగా పండుకోవాల. ఇంత పొట్టిగా తెచ్చినావేంది?" అన్నాడు.

"నీ పుట్టి సంగతి నువ్వు సూసుకో పో" అన్నాను.

ఏసేపు యంత్రం పట్టుకుని పడవెక్కి నడిఏట్లో లంగరు వేశాడు. పైన ఎక్కడో వాన పడినట్టుంది. చూస్తుండగానే ఏరు ఎర్రబడి పొంగింది. పడవ పైకి లేవాలని చూస్తుంది, నా మోకు కిందికి గుంజుతుంది. తెగితేనన్నా బాగుండు, తెగలేదు! పడవ ముక్కు నీళ్లలోకి దిగి బోర్లా పడింది. "అన్నా!" అని ఒక్క కేక విన్నాను. ఆ తర్వాత ఏసేపు కనబడలేదు. నేను ఒడ్డు దిగలేదు. సుంకప్పే పుట్టి వేసుకుపోయి జుట్టు పట్టి లాగాడు.

అంతకన్నా పెద్ద దెబ్బ తర్వాత తగిలింది. కొలిచే యంత్రం ఏటిపాలైంది. ఇంజనీరు మండిపడి, తాడు ఇంత పొట్టిగా కోసిందెవరని అడిగాడు. నేను నోరు తెరిచేలోగా, ఇంకా నీళ్లు కక్కుతున్న ఏసేపు, "నేనే కోసినా సార్, పడవలో అడ్డమొస్తాందని" అన్నాడు. నోరు తెరవడానికి ఆ తర్వాత ఎంతో సమయం ఉంది, అయినా తెరవలేదు. అక్కడికక్కడే వాణ్ణి పనిలోంచి తీసేశారు.

దారిలో, "ఎందుకట్ల సెప్పినావురా?" అని ఏడ్చాను.

"ఊరూరా నీ మోకు పట్టుకోని బాయిల్లోకి దిగుతాండారన్నా. పౌలు తాడు మోసం సేసిందంటే ఇంగెవురు దిగుతారు? నాది ఒక నౌకరి, పోతే పోనీ" అన్నాడు.

అదే నాకు ముల్లులా గుచ్చుకుంది. నా తెలివి నాకు చాలనుకునే నేను పేనిన తాడును ఇంతమంది నమ్ముతున్నారు. వాళ్లకు తెలియాలా వద్దా?

రేపు ఆదివారం. ప్రార్థన అయ్యాక అందరిముందూ లేచి చెబుతాను. సోమవారం ఇంజనీరు దగ్గరికి పోతాను. ఏసేపును మళ్లీ తీసుకుంటాడో లేదో తెలియదు. నా తాడు కొనేవాళ్లు కొంటారు, మానేవాళ్లు మానతారు. నీ చిన్నకొడుకును ముంచింది ఏరు కాదమ్మా, నేను. ఊరికి చెప్పేముందు నీకు చెప్పాలనిపించింది. నీ చేతులారా కొట్టడానికైనా ఒకసారి వచ్చిపో.

ఇట్లు,
ఏసేపు అన్న,
పౌలు.