అరవై రెండో ఏట అన్నప్రాశన

తేది: 20-11-1998

ఆసుపత్రి సూపరింటెండెంటు గారి సముఖమునకు, రెండవ వార్డు ఏడవ నంబరు మంచము రోగి, కొండాపూర్ నివాసి, విశ్రాంత హెడ్ క్లర్కు రామ్మోహనరావు వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: వార్డులో అన్నప్రాశన జరుగనిచ్చి నిశ్శబ్దమునకు భంగము కలిగించినదని స్టాఫ్ నర్సు జ్యోతికి ఇచ్చిన మెమో రద్దు చేయుట గురించి.

1. నేను ముప్పై ఒక్క సంవత్సరములు ఇతరులకు మెమోలు తయారు చేసి బ్రతికినవాడను. మెమో చూచి నవ్వుట నా సర్వీసులో ఎన్నడూ లేదు. ఇప్పుడు నవ్వు ఆగుటలేదు. దీనిని అవిధేయతగా భావించవద్దు. మూతి ఒక పక్కకు పోయినందున వచ్చునది కూడా సగము నవ్వే.

2. గత నెలలో పక్షవాతము వచ్చి నా కుడిచెయ్యి పడిపోయినది, మింగుట పోయినది. ముక్కులో నుండి కడుపులోనికి గొట్టము వేసినారు. ఇరవై మూడు దినములు ఈ వార్డులో కాఫీ అందరి గొంతులలోను దిగినది, నా గొంతులో తప్ప. గొట్టము పీకివేయుటకు ఎడమచేతితో రెండు పర్యాయములు ప్రయత్నించితిని. అట్టివారి చెయ్యి మంచమునకు కట్టివేయుదురట. జ్యోతి కట్టలేదు. ఫైలు చేతికి వస్తే వదలని మనిషి అని నా భార్య పుణ్యవతి చెప్పగా విని, ఎక్కడి నుండియో ఒక పాత ఫైలు తెచ్చి ఆ చేతిలో పెట్టినది. నేను వదలలేదు. ఇది నా బలహీనత, కాదనను.

3. ప్రతిసారి తలవైపు మంచము ఎత్తి, సిరంజితో కొంచెము వెనక్కు లాగి, గొట్టము కడుపులోనే ఉన్నదని రూఢి చేసుకొని, ఆ తరువాతనే పాలు పోసెడిది. చివర నీళ్లతో గొట్టము కడిగెడిది. ఒక్కనాడూ క్రమము తప్పలేదు. మా ఆఫీసులో ఇన్‌వార్డు నంబర్లు కూడా ఇంత నిక్కచ్చిగా పడలేదు.

4. నేరము మా ఇంటిది ఒకటి కలదు. మేము కృష్ణా జిల్లా వారము. చప్పిడి గంజితో మనిషి నిలబడడని తలచి, నా భార్య ఉలవచారు మూడుసార్లు గుడ్డలో వడకట్టి, జ్యోతి అటు తిరిగినప్పుడు గొట్టములో పోసినది. గొట్టము పూడిపోయినది. జ్యోతి గోరువెచ్చని నీళ్లు నెమ్మదిగా తోస్తూ, లాగుతూ అరగంటకు తెరిపించినది. కోప్పడలేదు.

"అమ్మా, గొట్టంల పోస్తే సార్‌కు రుచి తెల్వది. నోటితోని తినే రోజు నేనే చెప్త, అప్పుడు తెద్దురు గని" అన్నది.

నా భార్య ఆ మాటను డాక్టరు గారి చీటీకంటె గట్టిగా పట్టుకున్నది.

5. ఈ నెల 13న డాక్టరు గారు మింగుట పరీక్షించి, గొట్టము తీసి మెత్తటి అన్నము పెట్టవచ్చునని వ్రాసినారు. తక్షణమే నా భార్య ఇది నా రెండవ అన్నప్రాశన అని ప్రకటించినది. ఆచారము ప్రకారము దుప్పటి మీద కలము, పుస్తకము, తన ఉంగరము పరచినది. పుస్తకము అనగా నా కేసు షీటు. ఎదురు మంచము ఓదెలు, దవడ విరిగి తానూ గొట్టముతోనే ఉన్న మేస్త్రీ, మాదాపూర్‌లో అద్దాల భవనములు కట్టువాడు, సంచిలో నుండి తన తాపీ కూడా పంపినాడు. పిల్లవాడు ఏది పట్టుకుంటే అదే వాని భవిష్యత్తు కదా. తాపీపని అయినను నాకు అభ్యంతరము లేకుండెను.

6. నా ఎడమచెయ్యి నేరుగా ముద్దపప్పు గిన్నె మీదికి పోయినది. అది పందెములో లేని వస్తువు. అందరూ నవ్విరి. జ్యోతి ఒక్కతే నవ్వలేదు.

"సార్, జర కిందికి చూడుండ్రి. గా పెన్ను పట్టుకున్నది మీ కుడిచెయ్యి" అన్నది.

పిమ్మట జరిగిన గోలను మెమోలో చాల తగ్గించి వ్రాసినారు. ఓదెలు నోరు తెరవలేక మంచపు ఊచ మీద చెంచాతో వాయించినాడు. నా భార్య ఏడ్చినది, నవ్వినది, పప్పు ఒలకబోసినది. అరిచినది మాత్రము నేను. కావున సంజాయిషీ కోరదగిన ముద్దాయిని నేనే.

7. మెమోలో జ్యోతి సంజాయిషీకి ఇచ్చిన గడువు రేపటితో ముగియును. ఆపైన ఈ అమ్మాయిని వేరే చోటికి మార్చుదురని తెలిసినది. ఓదెలు గొట్టము ఇంకా రెండు వారములు ఉండవలెను. అతను కూడా పీకుటకు చెయ్యి ఎత్తుచున్నాడు. ఆ చేతిలో ఏమి పెట్టవలెనో కనిపెట్టగల మనిషి ఇక్కడ ఒక్కతే ఉన్నది. ఆమెను ఉండనివ్వండి.

పై సంగతులన్నియు తమరు తీరికగా, వీలైతే భోజనము చేసి, చిత్తగించవలెను.

తమ విధేయుడు,
(ఇకమీదట నోటితో తినువాడు)
రామ్మోహనరావు

తా.క.: అక్షరాలు వంకర పోయినందుకు క్షమించండి. నాలుగు రోజులు పట్టిందండీ ఇది రాయడానికి. మా ఆవిడ తాను రాసిపెడతానంది, నేను ఒప్పుకోలేదు. మొత్తం కుడిచేత్తోనే రాశాను.