ఆవుకు ఎడమ పక్క

మార్చి 3, 1919. సోమవారం.

పక్క పొలం హైరమ్ కంచె దగ్గర ఆగాడు. ఏమయ్యా ఎల్వుడ్, మీ డచెస్ సినిమా తార అయిందటగా, ఇంక దాన్ని ఆవు అంటే ఊరుకుంటుందా, అన్నాడు. నిరుడు సెప్టెంబరులో లాస్ ఏంజెలెస్ కంపెనీవాళ్ళు మా పొలంలో తీసిన రెండు రీళ్ళ హాస్యచిత్రం శనివారం మా ఊరి హాలుకు వస్తోందట. నవ్వుతూ చెబుతున్నవాడు మధ్యలో ఆగిపోయాడు. వాతావరణం గురించి ఏదో అని వెళ్ళిపోయాడు.

ఓర్ఫా పేరు అతనూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

మార్చి 4.

నా భార్య ఓర్ఫా ఫోటో ఇంట్లో ఒక్కటే ఉంది. పెళ్ళినాటిది. కదలొద్దు, నవ్వొద్దు అని ఫోటోగ్రాఫరు గదమాయించాడు. ఆ మాట ఆమె విన్నది ఆ ఒక్క రోజే.

మార్చి 6. ఉదయం 5 గంటలు.

మరిచిపోకముందే రాయాలి.

డాబ్ రింగిల్ అనే ఆ సినిమా హాస్యగాడు పట్నంవాడు. పాలు పితకడానికి స్టూలు తెచ్చి ఆవుకు ఎడమ పక్కన వేశాడు. ఇక్కడ మేమంతా కుడి పక్కనే కూర్చుంటాం. డచెస్‌కు ఇంకో పక్క తెలియదు. బాబూ, అటు కూర్చోకు, తంతుంది, అని ఓర్ఫా కంచె అవతలనుంచి కేకేసింది. అతని మొహం వెలిగిపోయింది. నిజంగా తంతుందా అమ్మా, అని ఆశగా అడిగాడు. కూర్చుని చూడు మరి, అంది.

కూర్చున్నాడు. తన్నింది. డైరెక్టరు పరిగెత్తుకొచ్చి దెబ్బ తగిలిందా అంటే, అది సరే, కెమెరా తిప్పారా లేదా చెప్పండి, అన్నాడు బురదలోంచి.

నాలుగుసార్లు తన్నించుకున్నాడు. నాలుగు రకాలుగా పడ్డాడు. ఒకసారి బకెట్టు పైకెత్తి పట్టుకుని, చుక్క ఒలకనివ్వకుండా. ఇంకోసారి లేచి, టోపీ తీసి డచెస్‌కు క్షమాపణ చెప్పుకున్నాడు. నాకు పశుపోషణలో కాలేజీ డిగ్రీ ఉంది. ఆరేళ్ళుగా ఆ ఆవును మేపుతున్నాను. అందులో ఇంత హాస్యం ఉందని అతను ఒక్క పూటలో కనిపెట్టాడు. అలా పడటం గొప్ప విద్య. ఆ సాయంత్రం అతను కుంటుతూ కారెక్కడం చూశాను. ఎవరూ చూడటం లేదనుకున్నాడు.

రెండోసారి పడ్డప్పుడు ఓర్ఫా నవ్వాపుకోలేక కంచె దాటి కెమెరా ముందుకు వచ్చేసింది. షాట్ చెడగొట్టావు కదమ్మా, అని కెమెరామన్ విసుక్కున్నాడు.

నవంబరులో ఆమెకు ఫ్లూ. నాలుగు రోజులు.

ఆ నాలుగు షాట్లలో ఏది వాడారో తెలియదు. రెండోదైతే ఆమె ఉంటుంది.

మార్చి 7.

చెడిపోయింది ఎందుకు వాడతారు?

మార్చి 8. శనివారం.

రెండోదే.

మధ్యాహ్నం ఆటకు ఊరంతా వచ్చింది. డాబ్ ఎడమ పక్కన స్టూలు వేయగానే హాలు గొల్లుమంది. ఇంకా తన్నలేదు. పట్నంలో తన్నాక నవ్వుతారు, మావాళ్ళకు స్టూలు చాలు. ఒరేయ్ సన్నాసీ, అటు కాదురా, ఇటు, అని వెనకనుంచి హైరమ్ అరిచాడు. డాబ్ ఎగిరి పడ్డాడు. అప్పుడు తెర అంచున ఓర్ఫా. పొట్ట పట్టుకుని నవ్వుతోంది. మూడు సెకన్లు ఉంటుందేమో.

హాల్లో నవ్వు ఆగిపోయింది. ఆడవాళ్ళు తలలు దించుకున్నారు. తెర ముందు వాయిస్తున్న పియానో కూడా తడబడి ఆగింది. అంతమంది మధ్య ఆమె ఒక్కతే నవ్వుతోంది, చప్పుడు లేకుండా.

సమాధి దగ్గర కూడా ఆమె నాకింత ఒంటరిగా అనిపించలేదు.

మార్చి 9.

హైరమ్ తన భార్య చేసిన యాపిల్ పై ఒకటి తెచ్చాడు. నిన్న అరిచినందుకు ఏమీ అనుకోకు, అన్నాడు. అరవడం బాగుంది, నవ్వు ఆపడమే బాగాలేదు అన్నాను. అయితే పోయిన మనిషిని చూసి పళ్ళికిలించమంటావా, అని కోప్పడ్డాడు. ఆమె నవ్వుతుంటే మీరంతా ఆమెను వదిలేశారు అన్నాను.

ఆమెను చూసి కాదయ్యా, నిన్ను చూసి ఆపాం, అన్నాడు. నువ్వు కొయ్యలా కూర్చుంటే మాకు నవ్వెలా వస్తుంది? రేపు ఆఖరి ఆట. నువ్వు మొదలెట్టు, వెనక మేమున్నాం.

నాకు చేతకాదన్నాను.

మార్చి 10.

నేనే ముందు నవ్వాను. మొదట దగ్గులా వచ్చింది. హైరమ్ అందుకున్నాడు, తరవాత హాలంతా.

ఆమె తెరమీంచి వెళ్ళిపోయాక కూడా ఆపలేకపోయాం.