కిటికీకి అడ్డంగా పచ్చగోడ

మార్చి 4

కాల్ సెంటర్‌లో మాకున్నది ఒక్క కిటికీ. ఎండో వానో తెలిసేది దాంట్లోంచే. దానికి అడ్డంగా మొక్కల గోడ కట్టారు. నేల నుంచి సీలింగ్ దాకా ఆకులే. పైన స్పీకర్ పెట్టి పొద్దస్తమానం పిట్టల అరుపులు. ప్రకృతి మధ్య పనిచేస్తే స్ట్రెస్ పోతుందట. మేనేజర్ చెప్తే చప్పట్లు కొట్టాం. ఒళ్లు మండింది. అయినా కొట్టాను.

మార్చి 6

స్పీకర్ సరిగ్గా అక్క నెత్తిమీదుంది. అక్కంటే పక్క సీటావిడ. డిగ్రీ లేదు, సినిమాలు చూసి ఇంగ్లీషు నేర్చుకున్నవాణ్ణి, నన్ను మనిషిలా చూసింది ఆవిడొక్కతే. ఇవాళ కస్టమర్ ఒకడు, ఇక్కడ నెట్ లేక మేం చస్తుంటే నువ్వు పార్కులో షికార్లు చేస్తున్నావా తల్లీ అని కడిగేశాడట. చూశావట్రా, జీతమిచ్చి మరీ షికారు, అని నవ్వింది.

సాయంత్రానికి కంప్లైంట్ వచ్చింది. ఆవిడకిది రెండో వార్నింగ్. మూడోది వస్తే ఇంటికే. బావగారికి పని లేదు. ఆ ఇల్లు నడిచేది ఈ కుర్చీ మీదే.

మార్చి 7

స్పీకర్ ఆపమని అడిగాం. అది హెడ్డాఫీసు నుంచి నడుస్తుందమ్మా, నా చేతిలో లేదు, అన్నాడు మేనేజర్. పోనీ సీటు మార్చండి సార్ అంది అక్క. పిట్టలు కూస్తే నీకేం నొప్పమ్మా అన్నాడు.

మార్చి 11

అక్క మైకుని గుప్పిట్లో మూసి మాట్లాడుతోంది. ఇప్పుడు వినపడట్లేదని అరుస్తున్నారు.

మార్చి 13

లంచ్‌కి అందరూ వెళ్లాక కుర్చీ ఎక్కి, ఆకుల్లో చెయ్యి పెట్టి, దొరికిన వైరు తెంపేశాను.

పిట్టలు ఆగలేదు.

మార్చి 16

ఆకులు వేలాడిపోయాయి. నేను తెంపింది నీళ్ల మోటారు వైరట. మేనేజర్ ఒక్క ఫోన్ కొట్టాడు. గంటలో ఇద్దరు నిచ్చెనతో దిగారు. ఎలకలు కొరికుంటాయన్నారు. ఒక్కో ఆకునీ తడిగుడ్డతో తుడిచారు, జ్వరమొచ్చిన పిల్లకి తుడిచినట్టు.

అప్పుడే అక్కని లోపలికి పిలిచారు. మూడోది. బయటికొచ్చి టిఫిన్ డబ్బా సర్దుకుంటూ, వైరు నీ పనేనా అని మెల్లిగా అడిగింది. తలూపాను. మొద్దు వెధవా, తెంపేముందు ఎటు పోతుందో చూసుకోవద్దట్రా, అంది. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

ఏడుపు రాలేదు నాకు. కోపమూ రాలేదు. తర్వాతి కాల్ తీసుకున్నాను.

మార్చి 18

అక్క సీటు నాకిచ్చారు. మొక్కలు కోలుకున్నాయి.

పార్కులో ఉన్నావా బాబూ అని అడిగాడొక పెద్దాయన. అవునన్నాను.

అక్కడ ఎండగా ఉందా అని అడిగాడు.

తెలీదండీ అన్నాను.