చెడ్డ మాటల్లో రాజమల్లు

జనవరి 12
రాజమల్లు సారు నిఘంటువు మళ్లీ వచ్చింది. ఆబిడ్స్‌లో ఇన్ని డీటీపీ షాపులుండగా నా నెత్తినే పడాలా. తెలుగులో కలిసిపోయిన అరబ్బీ మాటలు, మూలాల వారీగా. ఈ వారం జ-ర-మ. అసలు అర్థం చెట్టు నుంచి ఖర్జూరాలు కోయడమట. అందులోంచే జుర్మ్ అంటే నేరం, ముజ్రిం అంటే నేరస్తుడు, మనం కట్టే జుర్మానా.

ప్రతి మాటకూ ఒక ఉదాహరణ. రాజమల్లు జుర్మ్ చేశాడు. రాజమల్లు ముజ్రిం. రాజమల్లు జుర్మానా కట్టాడు. ఎనభై దాటిన రిటైర్డ్ టీచర్, చీమను కూడా తొక్కరు. ఏంది సారూ ఇది అని నవ్వాను. చెడ్డ మాటకు పరాయోళ్ల పేరెందుకు బిడ్డా, నా పేరుంది గదా అన్నారు. మంచి మాటలకు మాత్రం వాడకట్టులో అందరి పేర్లూ వాడేస్తారు.

జనవరి 17
మా డెన్నిస్‌ను పోలీసులు తీసుకెళ్లారు. నాంపల్లి ఎగ్జిబిషన్ పార్కింగ్‌లో గొడవ. ఒకతని ముక్కు పగలగొట్టాడట నా తమ్ముడు.

జనవరి 19
బెయిల్ ఇచ్చారు. కానీ సిటీలో సొంతిల్లున్న మనిషి ఒకరు జామీను ఉండాలి. మాది కిరాయి ఇల్లు. హెర్బర్ట్ బాబాయి ఫోన్ ఎత్తడం లేదు. చర్చిలో అందరూ ప్రార్థన చేస్తామన్నారు. చేయండి, అదీ కావాలి. సంతకం ఎవరు చేస్తారు?

జనవరి 20
ముజ్రిం దగ్గర చెయ్యి ఆగిపోయింది. సారు వచ్చి స్క్రీన్ చూశారు, నా ముఖం చూశారు. అంతా చెప్పేశాను. ఏడ్చాను కూడా. జర నీళ్లు తాగు బిడ్డా అన్నారు. రేపు కోర్టు ఎన్ని గంటలకు తెరుస్తరు అని అడిగారు.

జనవరి 21, సాయంత్రం
సారు ఇంటి కాగితాలు పట్టుకుని కోర్టుకు వచ్చారు. మెట్లెక్కడానికి నా భుజం పట్టుకున్నారు. కుర్రాడు వాయిదాకు రాకపోతే మీ మెడకు చుట్టుకుంటుందని వకీలు చెప్పాడు. ఔ, ఎరుకే అని సంతకం పెట్టారు.

జైలు గేటు బయట డెన్నిస్‌ను ఒకటే అడిగారు, కొట్టినవా అని. కొట్టిన సారూ అన్నాడు వాడు తల వంచుకుని. అయితే వాయిదా తప్పకు, నా ఇల్లు నీ చేతుల ఉన్నది అన్నారు. దేవా, ఈ మనిషిని చల్లగా చూడు.

ఫిబ్రవరి 9
వాయిదా. నేను లేచేసరికి డెన్నిస్ ఇస్త్రీ చొక్కాలో కూర్చుని ఉన్నాడు. కోర్టుకు పోయే ముందు సారు ఇంటికి వెళ్లి ముఖం చూపించి వచ్చాడట. ఎవరూ చెప్పలేదు వాడికి.

ఫిబ్రవరి 11
మూలం జ-మ-న. మాట జామీను. మంచి మాట కదా, సారు ఉదాహరణలో నా పేరు రాశారు. ఆయన రాసింది మొదటిసారి మార్చాను.

రాజమల్లు డెన్నిస్‌కు జామీను ఉన్నాడు.