మార్త మోటారెక్కింది

నాయనా సీమోనూ,

చదవడానికి నువ్వు లేవు. అయినా ఈ సంగతి నీకు చెప్పకుండా ఉండలేను. నిన్న సాలూరులో యంత్రాల ప్రదర్శన పెట్టారు. నీళ్ళు తోడే ఇంజను, పాటలు పాడే పెట్టె, పిల్లలను ఊరికే ఎక్కించుకుని మైదానం చుట్టూ తిప్పే మోటారు లారీ ఉన్నాయి. జ్వరం నిన్ను తీసుకుపోకముందు ఆముదం పుల్లలతో బండ్లు చేసేవాడివి గదా. నీ బదులు నీ చెల్లి మార్తయినా చూడాలని తీసుకెళ్ళాను.

కొత్త ఇంజను పసిబిడ్డను బలి అడుగుతుందని మన కొండమీద అందరూ అంటారు. ఒంటిమీద లోపం ఉన్న బిడ్డ బలికి పనికిరాదని, పొద్దున్నే మార్త చెవి అంచున చిన్న గాటు పెట్టాను. పాపం, ఏడ్చింది. ప్రార్థన చేసుకుని బయలుదేరాం.

మార్త చెయ్యి వదలకుండా నిలబడ్డ నన్ను చూసి లారీ డ్రైవరు నవ్వాడు. "ఏటమ్మా, గుంటని మింగేత్తాదనుకున్నావేటి? ఇది తాగేది పెట్రోలే. బేగి ఎక్కించు."

నా చెయ్యి విడిపించుకుని మార్త ఎక్కేసింది. లారీ గుడారాల వెనక్కి మళ్ళింది. ఇంజను చప్పుడు ఉన్నట్టుండి ఆగిపోయింది. నేను అరుస్తూ పరుగెత్తాను.

లారీ అక్కడే నిలబడి ఉంది. పిల్లలు ఒక్కొక్కరే దిగుతున్నారు. మార్త వచ్చి నా కొంగు పట్టుకుంది.

"అన్న పేరెట్టి అరుత్తన్నావేటే అమ్మా? ఎక్కినది నాను గదా" అంది.

మీ అమ్మ