పదకొండు పిడులు

జూన్ 2
పెన్ను పట్టుకున్నాను. అంతే.

జూన్ 3
నిన్నటి ఆ ఒక్క ముక్కకే పావుగంట పట్టింది. రోజూ కుడిచేత్తో ఏదో ఒకటి రాయమని ఫిజియో మైత్రి మేడం చెప్పింది. స్పాంజి బంతి నొక్కితే చాలదట. బొటనవేలు, చూపుడువేలు కలిసి పని చేయాలట. ఏం రాయమంటారు అంటే, నీకు తోచింది రాయి సరణ్యా, ఎవరు చదవొచ్చారు అంది.

జూన్ 5
అయితే రాసేస్తాను. ఏప్రిల్ మొదట్లో, నాన్న కొలిమిలో లేని పూట, గ్రైండింగ్ వీల్ మీద కత్తి పెట్టాను. వీల్ దాన్ని లాక్కుని తిప్పికొట్టింది. బొటనవేలి నరం తెగింది. ఆపరేషన్, కుట్లు, ఆరు వారాల స్ప్లింట్.

అప్పటికే పదకొండు కత్తులు పూర్తి చేశాను. లారీ కమాను పట్టీ కోసి, కాల్చి, సాగగొట్టి, పదును పెట్టి, చెక్క పిడి బిగించేదాకా అన్నీ నేనే. నా వేలు తిన్నది పన్నెండోది. వంగిపోయి మూల పడి ఉంది. దాని వైపు చూడను.

జూన్ 8
వాషర్‌మెన్‌పేటలో మా కొలిమికి రెండు దాగళ్లు. పెద్దది నాన్నది. చిన్నది నాది. దాగలి అంటే మా క్లాసులో ఒక్కరికీ తెలియలేదు. కాలిన ఇనుమును పెట్టి కొట్టే దిమ్మ అని చెప్పాల్సి వచ్చింది. ఇంత బరువైన వస్తువుకు అంత మెత్తని పేరు.

ఆ చిన్న దాగలిని ఎన్నూరు కమ్మరి గోవిందసామి కొంటానని అడుగుతున్నాడట. ఊరికే పడున్న ఇనుముకు తుప్పే గదా పాపా అన్నాడు నాన్న. ఆడి నెల పుట్టేలోపల సుత్తి పట్టి కొట్టినావంటే నీది, లేదంటే బండెక్కిచ్చేస్తా అన్నాడు. బి.ఏ. సెకండియర్‌కి వచ్చినావు, టీచర్ పనికి ఈ వేళ్లు చాలును అని కూడా అన్నాడు. కోపంగా అనలేదు. నా చేతి వైపు చూడకుండా అన్నాడు.

తమిళ పంచాంగంలో ఆడి నెల పుట్టేది జూలై 17న.

జూన్ 12
సౌకార్‌పేట హోల్‌సేల్ కొట్టుకు వెళ్లాను. పదకొండూ తీసుకుంటారట. కానీ నా గుర్తు అరగదీసి వాళ్ల సీలు కొడతారట. ప్రతి కత్తి మీదా, పిడికి పైన, చిన్న ‘స’ ఉంది. ఉలితో కొట్టి వేసింది. మూట కట్టుకుని వచ్చేశాను.

జూన్ 15, ఆదివారం
చేపల వేట నిషేధం నిన్నటితో ముగిసింది. ఎన్నూరు చేపల మార్కెట్టుకు పోయి తడి సిమెంటు మీద కత్తులు పరిచాను.

కత్తిని చేతిలోంచి చేతికి ఇవ్వకూడదు. ఇస్తే తగువొస్తుంది. కింద పెట్టాలి, కొనేవాళ్లు తీసుకోవాలి. నచ్చకపోతే వాళ్లు కింద పెడతారు, మనం తీసుకోవాలి. ఇది పుట్టినప్పటి నుంచి తెలుసు. నేల మీద చదునుగా పడుకున్న కత్తిని ఎత్తాలంటే బొటనవేలి కొన దాని కిందికి దూరాలని మాత్రం ఈ రోజే తెలిసింది.

ఆ వరసకంతా పెద్ద మునియక్క. ఆమె కొంటే అందరూ కొంటారు. ఒక కత్తి తీసి వంజరం తల ఒక్క వేటుకు తెగ్గొట్టింది. నా గుండె పొంగింది. తర్వాత కత్తి కింద పెట్టేసింది.

ఎత్తబోయాను. జారింది. మళ్లీ జారింది. మూడోసారి ఎడమచేత్తో తీశాను.

ఏమ్మే, నీ కత్తి నీకే లొంగలా, మాకేడ లొంగుతాది అంది. వరసంతా నవ్వింది. తలెత్తలేదు నేను.

ఆమే మళ్లీ పిలిచింది. పదునుకు వంక పెట్టలా నేను, పిడే పెండ్లికూతురు బుగ్గ మాదిరి ఉండాది అంది. చేప జిగురు తగిల్తే జారి నా వేలు గూడా నీ వేలు మాదిరి ఐపోతాది, వల దారం చుట్టుకోని రాపో అంది.

ఒక్కటీ అమ్ముడుపోలేదు. బస్సులో ఏడవలేదు. దిగాక ఏడ్చాను.

జూన్ 16
పిడి. పిడికిలి. పిడికెడు. ముగ్గురూ ఒకే ఇంటివాళ్లు. లైబ్రరీ నిఘంటువులో చూసి అక్కడే నవ్వేశాను.

జూన్ 17
నైలాన్ వల దారం తెచ్చాను. మొదటి పిడికి మూడు గంటలు. బిగించి లాగితే తప్ప చుట్టు నిలవదు. లాగేది బొటనవేలే. సగం చుట్టాక ఊడిపోయింది. ఇటియ్యి పాపా, నేను చుడతా అన్నాడు నాన్న. ఇవ్వలేదు.

జూన్ 18
నొప్పి.

జూన్ 21
మూడు పిడులు అయ్యాయి. మూడోది చూడటానికి కూడా బాగుంది.

జూన్ 27
మైత్రి మేడం వేళ్ల పట్టు కొలిచింది. గేజి ముల్లు చూసి రెండోసారి నొక్కమంది. పిడులకు దారం చుడుతున్నానని చెప్తే, ఈ ఎక్సర్‌సైజు ఎవరిచ్చారు అని అడిగింది. ఎన్నూరులో చేపలమ్మే అక్క అన్నాను. ఆమె ఫోన్ నంబరు ఉందా అంది.

జూలై 4
పదకొండోది. ఇరవై నిమిషాలు.

జూలై 6, ఆదివారం
తొందరగా రాయాలని ఉంది, చెయ్యి కూడా తొందరపడుతోంది.

మునియక్క కత్తి తీసుకుంది. పిడిని కావాలనే చేప రక్తంలో అద్దింది. రెండు వంజరాలు, ఒక కొడువా చేప ముక్కలు చేసింది. కత్తి కింద పెట్టింది. చేతులు నడుం మీద పెట్టుకుని నిలబడింది. వరసంతా చూస్తోంది.

కుడిచెయ్యి చాచాను. దారం మీద చూపుడువేలు, అంచు కిందికి బొటనవేలు. కత్తి లేచింది.

ఎవరూ నవ్వలేదు. ఊఁ, ఇప్పుడు పెట్టు, నేను తీసుకుంటా అంది మునియక్క. పెట్టాను. తీసుకుని నడుములో దోపుకుంది. వెనక్కి తిరిగి, ఏందే చూస్తా ఉండారు, ఐపోతే నన్ను అడగొద్దు అని అరిచింది.

పది గంటలకు మూట ఖాళీ. దొరకని ముగ్గురు వచ్చే నెలకు చెప్పిపెట్టారు. ఒకామె వేలితో ‘స’ను తడుముతూ ఇదేంది అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే మునియక్క, అది కత్తి చేసిన పిల్ల పేరు అంది.

జూలై 13
నాన్న కొలిమి రాజేశాడు. మూలనున్న పన్నెండోదాన్ని తనే తెచ్చాడు. ఎర్రగా కాల్చి, పటకారుతో నా దాగలి మీద పట్టుకున్నాడు. సుత్తి నాకు.

నాలుగో దెబ్బకు సుత్తి జారబోతే బిగించి పట్టుకున్నాను. ఐదోది పక్కకు పోయింది. ఆరోది సరిగ్గా ఒంపు మీద పడింది. పదోదానికి ఇనుము తిన్నగా అయింది. నాన్న పటకారు కింద పెట్టి గోవిందసామికి ఫోన్ చేశాడు. దాగలి లేదప్పా, దాని మింద పని నడస్తా ఉండాది అన్నాడు.

జూలై 14
ఈ రోజు రాయను. చెయ్యి పనిలో ఉంది.